ఊపిరి కోసం వీధికెక్కితే...

న్యూఢిల్లీ: 2025 నవంబరు 9, ఆదివారం సాయంత్రం ఇండియా గేటు వద్ద ముఖాలకు మాస్కులు ధరించిన జనం గుమిగూడారు. పర్యావరణ కార్యకర్తలు, విద్యార్థులతోపాటు పిల్లల చేతులు పట్టుకుని వచ్చిన తల్లిదండ్రులు కూడా వారిలో ఉన్నారు. రాజధాని వాయు నాణ్యతా సూచిక ఆనాడు 'అతి హీనం' శ్రేణిలో నమోదైంది. పీల్చడానికి పనికివచ్చే గాలి ఇమ్మన్నది వారి కోరిక. కొద్దిసేపటికే పోలీసు బస్సులు వచ్చి పలువురిని ఎక్కించుకుని వెళ్లాయి. ఇండియా గేటు వద్ద ప్రదర్శనలకు అనుమతి లేదనీ, న్యూఢిల్లీ జిల్లాలో అందుకు నిర్దేశించిన స్థలం జంతర్ మంతర్ ఒక్కటేననీ అధికారులు వివరించారు.

సరిగ్గా రెండు వారాల తర్వాత, నవంబరు 23న, అదే ఇండియా గేటు చుట్టూ ఉన్న సి-హెక్సాగన్ మార్గంలో మరో ప్రదర్శన జరిగింది. ఈసారి కథ బస్సులతో ముగియలేదు. ప్రదర్శకులు రోడ్డుపై బైఠాయించి రాకపోకలకు అడ్డుతగిలారనీ, తొలగించబోయిన సిబ్బంది కళ్లలో కారపు ద్రావకం చల్లారనీ పోలీసులు ఆరోపించారు. దానికి ఐదు రోజుల ముందు, నవంబరు 18న, అల్లూరి సీతారామరాజు జిల్లా మారేడుమిల్లి అడవులలో ఎదురుకాల్పుల్లో మరణించిన మావోయిస్టు నాయకుడు మడావి హిడ్మా పేరిట నినాదాలు, పోస్టర్లు కనిపించాయన్నది మరో ఆరోపణ. కర్తవ్య పథ్, పార్లమెంటు స్ట్రీట్ ఠాణాలలో రెండు వేర్వేరు కేసులు నమోదయ్యాయి. ఇరవై మందికి పైగా యువతీయువకులు అరెస్టయ్యారు. పాటియాలా హౌస్ కోర్టు వారిని జుడీషియల్ కస్టడీకి పంపింది. వారిలో పలువురికి డిసెంబరులో బెయిల్ లభించింది.

కారపు ద్రావకం చల్లినవారెవరు, నినాదాలిచ్చినవారెవరు, కేవలం గాలి కోసం వచ్చి ఆ గుంపులో చిక్కుకున్నవారెవరు అన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. కాని ఈ రెండు ఆదివారాల నడుమ తేడా ఒక ప్రశ్నను లేవనెత్తుతోంది. పర్యావరణం పేరిట వీధికెక్కి రాకపోకలకు ఆటంకం కలిగించిన పౌరునికి ఈ దేశ చట్టం ఏ శిక్ష విధిస్తుంది? కాగితం మీద ఉన్న శిక్ష ఎంత? వాస్తవంలో అనుభవించేది ఎంత?

ఐదు వేల రూపాయల నేరం

మొదట కాగితం సంగతి. పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 144వ సెక్షన్ తెలుగువారికి కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్‌గా మారింది. నలుగురు గుమిగూడరాదన్న నిషేధాజ్ఞ ఇప్పుడు ఈ సెక్షన్ కింద జారీ అవుతున్నది. ఢిల్లీలో పోలీసు కమిషనరేట్ వ్యవస్థ ఉన్నందున ఈ ఆజ్ఞ ఇచ్చేది కలెక్టరు కాదు, పోలీసులే. అంటే ఆజ్ఞ ఇచ్చేవారు, అమలు జరిపేవారు, ఉల్లంఘించినవారిని పట్టుకునేవారు ఒకే శాఖ వారన్నమాట.

ఆ ఆజ్ఞను ధిక్కరిస్తే పాత భారత శిక్షాస్మృతి 188వ సెక్షన్ ప్రకారం నెల రోజుల సాధారణ జైలు లేదా 200 రూపాయల జరిమానా, ప్రాణాలకు లేదా భద్రతకు ముప్పు వాటిల్లే సందర్భాలలో ఆరు నెలల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా గరిష్ఠ శిక్షలుగా ఉండేవి. భారతీయ న్యాయ సంహితలోని 223వ సెక్షన్ వీటిని ఆరు నెలలు లేదా 2,500 రూపాయలకు, ఏడాది లేదా 5,000 రూపాయలకు పెంచింది. రహదారిపై అడ్డంకి కల్పించినందుకు పాత చట్టంలో 200 రూపాయలుగా ఉన్న జరిమానా కొత్త చట్టం 285వ సెక్షన్‌లో 5,000 రూపాయలైంది. ఈ నేరానికి జైలు లేదు. ఒకరి దారికి అక్రమంగా అడ్డుపడితే ఒక నెల. ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగిస్తే మూడు నెలలు.

రాస్తారోకో చేసిన మనిషి ఎవరి మీదా చెయ్యి చేసుకోనంతవరకు అతని నేరం విలువ చట్టం దృష్టిలో ఐదు వేల రూపాయలకు మించదు. పైగా 223వ సెక్షన్ కింద విచారణ చేపట్టాలంటే ఆజ్ఞ జారీచేసిన అధికారి గాని, ఆయన పై అధికారి గాని లిఖితపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చేయాలి. పోలీసుల ఎఫ్.ఐ.ఆర్. ఒక్కటే చాలదు. ఈ నిబంధన పాత చట్టంలోనూ ఉంది. నిషేధాజ్ఞ కేసులు అనేకం కోర్టులలో వీగిపోవడానికి ఇదొక కారణం.

చెయ్యి తగిలిందన్న ఆరోపణ వచ్చిన మరుక్షణం లెక్క మారిపోతుంది. విధినిర్వహణలో ఉన్న ఉద్యోగిపై దౌర్జన్యానికి 132వ సెక్షన్ కింద రెండేళ్లు. ఆ దౌర్జన్యంలో గాయమైతే 121వ సెక్షన్ కింద ఐదేళ్లు. పాత శిక్షాస్మృతిలో ఇదే నేరానికి మూడేళ్లే ఉండేది. జాతీయ సమైక్యతకు భంగకరమైన ప్రచారానికి 197వ సెక్షన్ కింద మూడేళ్లు. నవంబరు 23 నాటి కేసులలో పోలీసులు ప్రయోగించిన సెక్షన్లలో 223, 221లతో పాటు 132, 197 కూడా ఉన్నాయి. బారికేడ్ల వద్ద జరిగే తోపులాటలో ఎవరి మోచేయి ఎవరికి తగిలిందో చెప్పడం కష్టం. కాని ఆ మోచేతి మీదనే ఐదు వేల జరిమానాకూ, ఐదేళ్ల జైలుకూ మధ్య తేడా ఆధారపడి ఉంటుంది.

ఇక కేసే పెట్టనక్కరలేని మార్గం ఒకటుంది. 1978 నాటి ఢిల్లీ పోలీసు చట్టం 65వ సెక్షన్ ప్రకారం పోలీసు ఆదేశాన్ని పాటించని వ్యక్తిని అక్కడినుంచి తొలగించవచ్చు, నిర్బంధించవచ్చు. నాగరిక్ సురక్షా సంహిత 172వ సెక్షన్ ఇదే అధికారాన్ని దేశమంతటికీ విస్తరింపజేసింది. చిన్న విషయాలలో 24 గంటలలోగా విడిచిపెట్టాలన్నది షరతు. నవంబరు 9 నాటి బస్సుల వంటివి సాధారణంగా ఈ దారిలోనే నడుస్తాయి. ఉదయం ఎక్కించుకుని, నగరం చివర ఏ స్టేడియంలోనో కూర్చోబెట్టి, రాత్రికి విడిచిపెడతారు. ప్రదర్శన ముగిసిపోతుంది, కోర్టు గడప తొక్కే పని ఎవరికీ ఉండదు.

సింఘూ సరిహద్దులో ఆగిన పాదయాత్ర

లడఖ్‌కు చెందిన ఇంజనీరు, విద్యావేత్త సోనమ్ వాంగ్‌చుక్ 2024 సెప్టెంబరు 1న లేహ్ నుంచి సహచరులతో కాలినడకన ఢిల్లీకి బయలుదేరారు. లడఖ్‌ను రాజ్యాంగం ఆరవ షెడ్యూలులో చేర్చాలనీ, హిమానీనదాలు కరిగిపోతున్న ఆ ప్రాంతపు భూములపై నిర్ణయాధికారం స్థానికులకు ఉండాలనీ వారి కోర్కె. అంతకుముందు 2024 మార్చిలో లేహ్‌లో గడ్డకట్టే చలిలో ఆయన 21 రోజులు నిరశన సాగించారు. దానికి ఆయన పెట్టిన పేరే 'వాతావరణ దీక్ష'.

సెప్టెంబరు 30 రాత్రి హర్యానా వైపు నుంచి సింఘూ సరిహద్దు దాటుతుండగా వాంగ్‌చుక్‌నూ, సుమారు 150 మంది సహచరులనూ ఢిల్లీ పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. నగర సరిహద్దులతోపాటు న్యూఢిల్లీ, మధ్య, ఉత్తర ఢిల్లీ జిల్లాలలో అక్టోబరు 5 వరకు 163వ సెక్షన్ కింద నిషేధాజ్ఞలు అదేరోజు జారీ అయ్యాయి. వారు కోరుకున్నదల్లా అక్టోబరు 2న గాంధీ జయంతినాడు రాజ్‌ఘాట్ చేరడం. ఆ రాత్రికి పోలీసుల రక్షణలోనే అక్కడికి చేరుకుని విడుదలయ్యారు. వాంగ్‌చుక్‌ను విడిచిపెట్టామనీ, నిషేధాజ్ఞలను ఉపసంహరించామనీ అక్టోబరు 3న సొలిసిటర్ జనరల్ ఢిల్లీ హైకోర్టుకు తెలియజేశారు.

తరువాత ఆయన జంతర్ మంతర్ వద్ద దీక్షకు అనుమతి కోరారు. దరఖాస్తు పదిరోజుల ముందుగా రావాలనీ, ప్రదర్శన ఉదయం 10 గంటల నుంచి సాయంత్రం 5 వరకే జరగాలనీ పోలీసులు తిరస్కరించారు. నిరవధిక నిరాహారదీక్షకు సాయంత్రం ఐదు గంటలకు విరామం ఎలా ఇవ్వాలో ఆ నిబంధన రచించినవారికే తెలియాలి! అక్టోబరు 6న ఆయన లడఖ్ భవన్‌లోనే దీక్ష ప్రారంభించారు. 13న ఆ భవనం వెలుపల కూర్చున్న కొందరిని పోలీసులు తీసుకుపోయారు. చర్చలు పునఃప్రారంభిస్తామని హోంశాఖ లిఖితపూర్వకంగా హామీ ఇవ్వడంతో 21న దీక్ష ముగిసింది.

ఈ ఘట్టం మొత్తంలో ఎవరిపైనా శిక్ష పడలేదు. ఆ తర్వాత ఏడాదికి పరిస్థితి పూర్తిగా మారింది. 2025 సెప్టెంబరు 24న లేహ్‌లో ప్రదర్శన హింసాత్మకమై, పోలీసు కాల్పులలో నలుగురు మరణించారు. దీక్షలో ఉన్న వాంగ్‌చుక్ ఆనాడే దీక్ష విరమించి, హింస వద్దని పిలుపునిచ్చారు. ఆయన ప్రసంగాలే జనాన్ని రెచ్చగొట్టాయని ప్రభుత్వం పేర్కొన్నది. సెప్టెంబరు 26న జాతీయ భద్రతా చట్టం కింద ఆయనను నిర్బంధించి రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జైలుకు తరలించారు. ఆయన భార్య గీతాంజలి ఆంగ్మో సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ దాఖలు చేశారు.

1980 నాటి ఈ భద్రతా చట్టం శిక్షా చట్టం కాదు. నేరం రుజువు కానక్కరలేదు, విచారణ ఉండదు, బెయిల్ అన్న మాటే లేదు. ముందుజాగ్రత్త పేరిట గరిష్ఠంగా పన్నెండు నెలలు నిర్బంధించవచ్చు. సలహా మండలి ముందు హాజరయ్యే డిటెన్యూకు న్యాయవాదిని పెట్టుకునే హక్కు సైతం లేదు. నిషేధాజ్ఞ ఉల్లంఘన నేరం రుజువైతే గరిష్ఠంగా పడే ఏడాది నిర్బంధం ఏ నేరమూ రుజువు కాకుండానే దక్కుతుందన్నమాట.

నిరాహారదీక్ష గురించి మరొక మాట. ఆత్మహత్యా యత్నాన్ని నేరంగా పరిగణించిన పాత 309వ సెక్షన్‌ను న్యాయ సంహిత తొలగించింది. కాని 226వ సెక్షన్‌లో దాని నీడ మిగిలే ఉంది. ప్రభుత్వోద్యోగిని ఒక పని చేయమని గాని, మానమని గాని బలవంతపెట్టే ఉద్దేశంతో ఆత్మహత్యకు యత్నిస్తే ఏడాది సాధారణ జైలు, జరిమానా లేదా సమాజసేవ శిక్షగా విధించవచ్చు. ఆమరణ దీక్ష ఈ నిర్వచనంలోకి వస్తుందా రాదా అన్నది ఇక కోర్టులు చెప్పాలి. 1952లో మద్రాసులో 58 రోజులు నిరశన సాగించి ప్రాణాలర్పించిన పొట్టి శ్రీరాములు త్యాగంపై రాష్ట్రం తెచ్చుకున్న జాతికి ఈ సెక్షన్ చదువుతుంటే ఏదో తెలియని ఇబ్బంది కలగడం సహజం.

ఒక కంప్యూటర్ పత్రం - రాజద్రోహం

రోడ్డు మీద అడుగు పెట్టకపోయినా కేసు తప్పని ఉదంతం కూడా రాజధాని పోలీసుల దస్త్రాలలోనే ఉంది. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా ప్రకటనపై అభ్యంతరాలు తెలుపుతూ అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి ప్రకాశ్ జవదేకర్‌కు వేలాదిగా ఈ-మెయిళ్లు వెళ్లాయి. అభిప్రాయాలు పంపండని ప్రభుత్వమే కోరిన సమయమది. ఆ ఉద్యమాన్ని నడిపిన 'ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ ఇండియా' వెబ్‌సైట్‌ను నిలిపివేయాలంటూ ఢిల్లీ పోలీసుల సైబర్ విభాగం 2020 జులైలో నోటీసు పంపింది. అందులో ఉదహరించినది ఉగ్రవాద కార్యకలాపాలకు కుట్రను శిక్షించే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం 18వ సెక్షన్. శిక్ష ఐదేళ్ల నుంచి యావజ్జీవం వరకు. గగ్గోలు పుట్టాక, ఆ సెక్షన్ పొరపాటున చేరిందని చెప్పి నోటీసును వెనక్కి తీసుకున్నారు.

ఆ సంస్థ కార్యకర్త, 22 ఏళ్ల దిశా రవిని 2021 ఫిబ్రవరి 13న బెంగుళూరులో అరెస్టు చేసి ఢిల్లీకి తెచ్చారు. రైతుల ఆందోళనకు మద్దతుగా ఇంటర్నెట్‌లో పంచుకున్న 'టూల్‌కిట్' పత్రాన్ని సవరించడం ఆమెపై ఆరోపణ. రాజద్రోహం, వర్గాల మధ్య వైరం పెంచడం, నేరపూరిత కుట్ర ఆమెపై మోపిన అభియోగాలు. రాజద్రోహానికి యావజ్జీవం వరకు శిక్ష ఉంది. పది రోజుల తర్వాత, ఫిబ్రవరి 23న, పాటియాలా హౌస్ అదనపు సెషన్స్ జడ్జి ధర్మేందర్ రాణా లక్ష రూపాయల బాండు, ఇద్దరు జామీనుదారులతో బెయిల్ మంజూరు చేశారు. సాక్ష్యం అతి పలుచగా, అసంపూర్తిగా ఉందని ఆయన అభిప్రాయపడ్డారు. ప్రభుత్వాల అహం దెబ్బతిన్నప్పుడు మందు రాసేందుకు రాజద్రోహ సెక్షన్‌ను వాడరాదనీ, పౌరులు ప్రభుత్వపు మనస్సాక్షికి కావలిదారులనీ వ్యాఖ్యానించారు. అన్ని దిక్కులనుంచీ మంచి ఆలోచనలు రావాలన్న ఋగ్వేద మంత్రాన్ని సైతం ఆ ఉత్తర్వులో ఉదహరించారు. కోర్టు అనుమతి లేకుండా దేశం విడిచిపోరాదన్నది బెయిల్ షరతులలో ఒకటి. వాతావరణ సదస్సులు జరిగేదంతా విదేశాలలోనే కనుక ఈ షరతు బరువు ఆ రంగంలోని వారికి బాగా తెలుసు.

రాజద్రోహ సెక్షన్ అమలును సుప్రీంకోర్టు 2022 మే 11న నిలిపివేసింది. కొత్త సంహితలో ఆ పేరు లేదు. అయితే దేశ సార్వభౌమత్వానికి, సమైక్యతకు ముప్పు కలిగించే చర్యలను శిక్షించే 152వ సెక్షన్ వచ్చింది. దానికీ యావజ్జీవమో, ఏడేళ్ల వరకు జైలో శిక్ష.

కాలుష్యకారులకు జరిమానాయే

వీధికెక్కినవారి శిక్షలు ఇలా పెరుగుతుండగా, వారు ఎవరిమీద ఫిర్యాదు చేయడానికి వీధికెక్కారో ఆ కాలుష్యకారుల శిక్షలు ఎటు పోతున్నాయో చూడటం అవసరం. భోపాల్ విషవాయు దుర్ఘటన నేపథ్యంలో వచ్చిన 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షన్ కింద ఉల్లంఘనకు ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా ఉండేవి. 2023లో పార్లమెంటు ఆమోదించిన జన్ విశ్వాస్ చట్టం ఆ జైలు శిక్షను తొలగించి, పది వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానాను నిర్దేశించింది. ఈ సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. వ్యాపార నిర్వహణ సులభతరం కావడానికి చిన్న చిన్న ఉల్లంఘనలను నేరాల జాబితానుంచి తప్పించడమే ధ్యేయమన్నది ప్రభుత్వ వాదన. పాత చట్టం కింద జైలుకు పోయిన ఫ్యాక్టరీ యజమానులను వేళ్ల మీద లెక్కించవచ్చునన్న మాట కూడా ఆ వాదనలో వినిపిస్తుంది. అందులో సత్యం లేకపోలేదు. కాని 2024 అక్టోబరు 23న ఢిల్లీ కాలుష్యం కేసు విచారణలో సుప్రీంకోర్టే ఈ చట్టం కోరలు లేనిదైపోయిందని వ్యాఖ్యానించింది.

రాజధాని ప్రాంతానికి ప్రత్యేకంగా ఏర్పడిన వాయు నాణ్యతా నిర్వహణ కమిషన్ కథ మరీ విచిత్రం. 2020 అక్టోబరులో ఆర్డినెన్స్‌గా వచ్చిన ఆ చట్టం కమిషన్ ఆదేశాలను ఉల్లంఘిస్తే ఐదేళ్ల జైలు లేదా కోటి రూపాయల జరిమానా అని నిర్దేశించింది. పొలాల్లో వరి కొయ్యలు కాల్చే రైతుకు కూడా ఇదే వర్తిస్తుందన్న భయం వ్యాపించింది. అదే సమయంలో సాగు చట్టాలకు వ్యతిరేకంగా పంజాబ్, హర్యానా రైతులు సింఘూ, టిక్రీ, ఘాజీపూర్ సరిహద్దులలో జాతీయ రహదారులపై బైఠాయించారు. జాతీయ రహదారికి నష్టం కలిగిస్తే 1956 నాటి రహదారుల చట్టం 8-బి సెక్షన్ కింద ఐదేళ్ల జైలు ఉంది. ఆ రైతులు తమ కోర్కెల జాబితాలో ఈ కాలుష్య శిక్షను తొలగించడాన్ని కూడా చేర్చారు. 2020 డిసెంబరు 30 నాటి చర్చలలో కేంద్రం అంగీకరించింది. 2021లో వచ్చిన చట్టం 14వ సెక్షన్‌లో కొయ్యకాల్పు రైతులకు మినహాయింపు లభించింది. జైలు స్థానంలో పర్యావరణ నష్టపరిహారం మాత్రం వసూలు చేస్తారు. 2024 నవంబరులో దీనిని రెట్టింపు చేయగా రెండెకరాల లోపు రైతుకు 5,000, ఐదెకరాల లోపు 10,000, ఆపైన 30,000 రూపాయలైంది.

ఏడాదికి పైగా రహదారిని దిగ్బంధించిన ఆందోళన కాలుష్య శిక్షనుంచి మినహాయింపు సాధించింది. కాలుష్యాన్ని అరికట్టమని గంటసేపు రోడ్డు మీద కూర్చున్నవారు జైలుకు వెళ్లారు. రైతులను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. కొయ్యలు కాల్చకుండా పంట మార్చుకునే స్తోమత వారిలో చాలామందికి లేదు. జనబలం ఎంత ఉన్నదన్న దానిని బట్టి చట్టం చెయ్యి ఎంత బరువుగా పడేదీ నిర్ణయమవుతోందన్నది గమనించవలసిన అంశం.

న్యాయస్థానాల గీత

రోడ్డుపై నిరసనకు హద్దులేమిటన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 7న షాహీన్ బాగ్ కేసులో సమాధానమిచ్చింది. ప్రజా రహదారులను నిరవధికంగా ఆక్రమించడం ఆమోదయోగ్యం కాదనీ, నిరసనలు నిర్దేశిత స్థలాలలోనే జరగాలనీ స్పష్టం చేసింది. అంబులెన్సులో ఉన్న రోగికీ, రోజుకూలికి పోయే మనిషికీ దారి హక్కు ఉన్నదన్న వాదనను కొట్టివేయలేము. వీధి ముట్టడి జరిగిన ప్రతిసారీ మొదట నష్టపోయేది కారులో ఉన్న అధికారి కాదు, బస్సులో ఉన్న సామాన్యుడే.

మరి నిర్దేశిత స్థలం సంగతి? 2017 అక్టోబరు 5న జాతీయ హరిత ట్రిబ్యునల్ జంతర్ మంతర్ వద్ద ధర్నాలను నిషేధించింది. కారణం ధ్వని కాలుష్యం! పర్యావరణ పరిరక్షణకు ఏర్పడిన న్యాయస్థానమే రాజధానిలో నిరసనకు పేరొందిన స్థలాన్ని మూసివేసింది. 2018 జులై 23న సుప్రీంకోర్టు ఆ సంపూర్ణ నిషేధాన్ని తొలగించి, నియమావళి రూపొందించవలసిందిగా పోలీసులను ఆదేశించింది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వేసిన ఆ కేసులోనే, న్యూఢిల్లీ ప్రాంతంలో 144వ సెక్షన్ ఆజ్ఞలను గడువు తీరగానే తిరిగి జారీచేస్తూ శాశ్వతం చేస్తున్న పద్ధతి కూడా చర్చకు వచ్చింది. వాంగ్‌చుక్ దరఖాస్తును తోసిపుచ్చిన పదిరోజుల గడువు నిబంధన ఇలా పుట్టిన నియమావళిలోనిదే.

2024 మార్చి 21న బట్టమేక పిట్ట సంరక్షణ కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. వాతావరణ మార్పుల దుష్ప్రభావాలనుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలలో అంతర్భాగమని గుర్తించింది. హక్కు ఉన్నదని కోర్టు చెప్పింది సరే. దానికోసం ఎక్కడ నిలబడి అడగాలన్నది మాత్రం పోలీసు కమిషనరు చేతిలోనే ఉండిపోయింది.

అన్ని నిరసనలూ జైలుకే దారితీయలేదు. 2018 జూన్‌లో సరోజినీ నగర్, నేతాజీ నగర్ తదితర ప్రభుత్వ కాలనీల పునర్నిర్మాణానికి వేలాది చెట్లు నరకబోగా స్థానికులు చెట్లను కౌగిలించుకుని నిలబడ్డారు. ఢిల్లీ హైకోర్టు నరికివేతను నిలిపివేసింది. ఆ ఉద్యమం నడిచింది మధ్యతరగతి కాలనీలలో. పార్లమెంటుకు, కర్తవ్య పథ్‌కు అది కొంచెం దూరం.

లండన్‌లో ఐదేళ్లు

శిక్షల విషయంలో పాశ్చాత్య దేశాలు మనకన్నా ఉదారంగా ఉన్నాయనుకుంటే పొరపాటు. బ్రిటన్ 2022లో ప్రజలకు ఇబ్బంది కలిగించే నేరాన్ని శాసనంగా మార్చి గరిష్ఠంగా పదేళ్ల జైలు నిర్దేశించింది. 2023లో మరో చట్టం తెచ్చి, రోడ్డుకో, వస్తువుకో తమను తాము గొలుసులతో బంధించుకోవడాన్ని ప్రత్యేక నేరం చేసింది. లండన్ చుట్టూ ఉన్న ఎం-25 రహదారిపై 2022 నవంబరులో రాకపోకలను స్తంభింపజేయడానికి కుట్ర పన్నారన్న నేరానికి 'జస్ట్ స్టాప్ ఆయిల్' సంస్థకు చెందిన రోజర్ హాలమ్‌కు 2024 జులై 18న ఐదేళ్లు, మరి నలుగురికి నాలుగేళ్ల చొప్పున శిక్షలు పడ్డాయి. 2025 మార్చిలో అప్పీలు కోర్టు హాలమ్ శిక్షను నాలుగేళ్లకు తగ్గించింది. అదే నెలలో ఆ సంస్థ వీధి పోరాటాలను విరమిస్తున్నట్లు ప్రకటించింది. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం 2022లో రోడ్డు దిగ్బంధానికి రెండేళ్ల జైలు, 22 వేల డాలర్ల జరిమానా తెచ్చింది. కట్టడాలపై రంగులు చల్లేవారికి ఇటలీ 2024 జనవరిలో 60 వేల యూరోల వరకు జరిమానా విధించింది.

అక్కడికీ ఇక్కడికీ తేడా ఏమంటే, అక్కడ శిక్ష తీర్పులో ఉంటుంది. విచారణ జరిగి, జ్యూరీ విని, జడ్జి కారణాలు చెప్పి శిక్ష వేస్తాడు, అప్పీలులో తగ్గవచ్చు. మన దేశంలో చట్టం చెప్పే శిక్ష స్వల్పం, తీర్పు దాదాపు ఎన్నడూ రాదు. రిమాండు, బెయిలు, వాయిదా, పాస్‌పోర్టుకు పోలీసు విచారణ, ఉద్యోగ దరఖాస్తులో 'మీపై కేసులున్నవా' అన్న గడి... కోర్టు చుట్టూ తిరగడమే శిక్ష. ఇరవయ్యేళ్ల విద్యార్థికి ఐదు వేల జరిమానాకన్నా ఆ గడి బరువైనది.

తెలుగునాట చూస్తే

తెలుగు పాఠకులకు ఈ వరస కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూములలో థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని ప్రతిఘటించిన రైతులు, మత్స్యకారులపై 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దుచేసింది. జనం ఏది అడిగారో అదే ఢిల్లీ నుంచి ఉత్తర్వుగా వచ్చింది, కాని కొన్ని గంటలు ఆలస్యంగా. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి.

ఇటీవలి ఉదంతం హైదరాబాదుది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలలో చెట్లు కొట్టించడానికి ప్రభుత్వం బుల్డోజర్లను పంపినప్పుడు, 2025 మార్చి 30న అడ్డుకున్న కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఇద్దరిని రిమాండుకు పంపారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టి అక్కడి పనులన్నిటినీ నిలిపివేసింది. ఏప్రిల్ 7న విద్యార్థులపై కేసులు ఉపసంహరించవలసిందిగా ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క అధికారులను ఆదేశించారు. ఏప్రిల్ 16న జస్టిస్ బి.ఆర్. గవాయ్ నాయకత్వంలోని ధర్మాసనం, అడవిని పునరుద్ధరించకపోతే రాష్ట్ర అధికారులకే ఆ స్థలంలో తాత్కాలిక కారాగారం కట్టవలసి వస్తుందని హెచ్చరించింది.

అక్కడ విద్యార్థులకు కేసుల ఉపసంహరణ వారం రోజుల్లో లభించింది. ఇండియా గేటు కేసులో అరెస్టయిన యువతీయువకులు బెయిలు పత్రాలతో పాటియాలా హౌస్ మెట్లెక్కవలసి వచ్చింది. జంతర్ మంతర్ వద్ద ధర్నాకు దరఖాస్తు చేయదలచినవారికి నిబంధన అదే: పది రోజుల ముందు, ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు.